మా మేనల్లుడికి హెపటైటిస్ సి మందు ఇప్పించిన వైనం: నా అనుభవం

మా మేనల్లుడి రక్తంలో, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్ లేదని తేల్చిన కాగితం మొన్ననే చేతికి వచ్చింది. గంజాం జిల్లాలో, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వచ్చాక, తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఒక పేటలో మేము ఉంటున్నాము. నేను తెలుగు బడిలో పాఠాలు చెప్పి విరమించినవాడిని. అతడు మోటార్లకు వైండింగు చేసే పనివాడు, కొన్నేళ్ళుగా మత్తు ఇంజెక్షన్లకు అలవాటు పడినవాడు. ఆ అలవాటు ఇప్పటికీ పూర్తిగా వదల్లేదని ముందే చెబుతున్నాను, ఎందుకంటే మాకు ఎదురైన చిక్కంతా దాని దగ్గరే వచ్చింది.

మొదటి పరీక్ష సులువుగానే అయిపోయింది. సూదులు వాడేవారికి కొత్త సిరంజీలు ఇచ్చే స్వచ్ఛంద సంస్థలో పనిచేసే కుర్రవాడు, తానూ ఒకప్పుడు వాటికి బానిసైనవాడే, వేలి చివర రక్తపు చుక్క తీసి కాసేపట్లోనే ఫలితం చెప్పాడు. అందులో పాజిటివ్ వస్తే వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అర్థమనీ, సోకినవారిలో దాదాపు 30 శాతం మందికి ఆరు నెలల్లోపు మందు లేకుండానే అది పోతుందనీ, కాబట్టి ఇప్పుడు వైరస్ ఉందో లేదో తెలియాలంటే వైరల్ లోడ్ పరీక్ష చేయించాల్సిందేననీ అతడే విడమరిచి చెప్పాడు.

వైరల్ లోడుకు నరం నుంచి రక్తం తీయాలి. ఏళ్ళ తరబడి సూదులు దిగిన చేతుల్లో నరాలు గట్టిపడి లోపలికి పోతాయి. ల్యాబులోని ఉద్యోగి రెండు మోచేతుల దగ్గరా పొడిచి చూసి, రక్తం రాక విసుక్కుని, సూదిని ట్రేలో పడేసి, "నీకు తెలియని నరమా, నువ్వే చూపించు" అని వరుసలో ఉన్నవారందరికీ వినబడేలా అన్నాడు. మావాడు మాట్లాడలేదు. ఎడమచేతి చొక్కా పైకి మడిచి, పిడికిలి బిగించి, బొటనవేలి మొదట్లో మణికట్టు పక్కన కనీకనబడకుండా ఉన్న నరం మీద చూపుడువేలితో తట్టి, "ఇక్కడ, పిల్లలకు వాడే సన్నసూదితో తీయండి" అన్నాడు. ఒక్క పోటుకే వచ్చింది. ఇటువంటి చోటికి వెళ్ళేముందు కడుపునిండా నీళ్ళు తాగి వెళ్ళమనీ, సన్నసూదిని మొదటే అడగమనీ నా సలహా. ఆ ఉద్యోగి చేత క్షమాపణ చెప్పించుకోవాలని మాత్రం చూడకండి, ఆ పని నేను ప్రయత్నించి వదిలేశాను.

వైరస్ ఉందని తేలాక మందులిచ్చే విభాగానికి పంపారు. ఆ ఆసుపత్రి పేరు రాయను. రాసినందువల్ల అక్కడి గుమాస్తా మారడు. అతడు మా కాగితాలు తిరగేసి, ఆధారులో శ్రీకాకుళం జిల్లా చిరునామా ఉంది కనుక ఆంధ్రాకే వెళ్ళమన్నాడు. ఈ మందులిచ్చేది కేంద్ర ప్రభుత్వ కార్యక్రమమని నేను అన్నాక ఆ మాట వదిలి, ఇంకొకటి పట్టుకున్నాడు: ఆరు నెలలుగా సూది ముట్టలేదని మత్తు మాన్పించే కేంద్రం నుంచి సర్టిఫికెట్ తెస్తేనే మందు ఇస్తామన్నాడు. సరేనని ఒక ప్రైవేటు కేంద్రానికి వెళ్ళాము. వారు అడ్వాన్సు ఎంత కట్టాలో ముందు చెప్పి, రిపోర్టు చూశాక, హెపటైటిస్ ఉన్నవాడిని మిగతావారితో కలిపి ఉంచలేమనీ, అది నయం చేసుకుని రమ్మనీ అన్నారు. పక్కపక్కన పడుకున్నంత మాత్రాన, ఒకే పళ్ళెంలో తిన్నంత మాత్రాన ఈ వైరస్ అంటదని తెలియనివారు మత్తు మాన్పించే కేంద్రం ఎలా నడుపుతున్నారో నాకు అర్థం కాలేదు. ఒకరు మానితేనే మందు అంటారు, ఇంకొకరు మందు వాడితేనే మాన్పిస్తామంటారు; మధ్యలో మావాడి కాలేయం ఎవరి సర్టిఫికెట్టు కోసం ఆగుతుంది?

మళ్ళీ గుమాస్తా దగ్గరికి వెళ్ళి ఈ సంగతి చెబితే, ఎక్కువగా మాట్లాడితే పోలీసులకు తెలియజేయాల్సి వస్తుందన్నాడు. అప్పటిదాకా ఓపిక పట్టిన నేను అక్కడ గొంతు పెంచాను. మాదకద్రవ్యాలను నిషేధించిన 1985 నాటి చట్టమే, కొద్దిపాటి మత్తుమందు కేసుల్లో చిక్కిన వ్యసనపరుడు తనంతట తాను వ్యసనానికి చికిత్స కోరితే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు పొందేలా 64ఎ సెక్షన్ పెట్టింది. చట్టానికి ఉన్న పాటి దయ కూడా లేని మనిషి, కాలేయానికి మందు అడగవచ్చినవాడిని పోలీసుల పేరు చెప్పి బెదిరిస్తే వాడు మళ్ళీ ఆ గడప తొక్కుతాడా? మావాడు అప్పటికే నా చెయ్యి పట్టుకుని, "మామయ్యా, వద్దు, పోదాం రండి" అంటున్నాడు. తాగుబోతుకు క్షయ మందు ఇచ్చేటప్పుడు సారా మానినట్టు కాగితం తెమ్మని ఎవరూ అడగడం నేను చూడలేదు. పైగా సూదులు వాడేవారిలో ఈ వైరస్ ఎక్కువగా పాకేది పంచుకున్న సూదుల వల్లే. ఇంకా సూది వాడుతున్నవాడికి మందిస్తే అతడితో పాటు అతడి చుట్టూ ఉన్నవారికీ ముప్పు తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూదులు వాడుతున్నారన్న కారణంతో ఈ చికిత్సను నిరాకరించమని ఎక్కడా చెప్పలేదు, సోకిన పెద్దవారందరికీ ఇవ్వమనే చెబుతుంది.

దరఖాస్తు రాయడంలో మా పేటలో నాకు సాటి వచ్చేవారు లేరని నేను కాదు, పేటవారే అంటారు. ఆ రాత్రే ఒడియాలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి రాశాను. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితమని గుర్తుచేసి, ఆరు నెలల సర్టిఫికెట్ అడగమన్న ఉత్తర్వు నకలు ఇమ్మనీ, లేదా మందు నిరాకరిస్తున్నట్టు కారణంతో సహా రాతపూర్వకంగా ఇమ్మనీ కోరాను. అద్దె ఇంటి కరెంటు బిల్లు, వైండింగు షాపు యజమాని ఇచ్చిన ఉత్తరం జతచేసి, సూపరింటెండెంటు కార్యాలయంలో ఇచ్చి, నా నకలు మీద ముద్ర వేయించుకున్నాను. నోటితో కాదన్నవారు కాగితం మీద కాదనడానికి జంకుతారు. అదే జరిగింది, మమ్మల్ని ఒక డాక్టరమ్మ పిలిపించారు. ఆవిడ మావాడిని మానావా అని అడగలేదు. రోజూ ఒకే వేళకు మాత్ర వేసుకోగలరా, కొత్త సూదులు దొరుకుతున్నాయా అని అడిగారు. రెండింటికీ అతడు అవునన్నాడు.

ఆ తరువాత అంతా చకచకా సాగింది. కాలేయం పరీక్షలు, ప్లేట్‌లెట్లు చూసి సిరోసిస్, అంటే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు, లేదన్నారు. ఈ మందులు వాడేటప్పుడు హెపటైటిస్ బి ఉంటే అది విజృంభించవచ్చు కాబట్టి దానికీ, హెచ్‌ఐవీకీ పరీక్ష చేశారు. సోఫోస్బువిర్ 400 మిల్లీగ్రాములు, డక్లాటాస్‌విర్ 60 మిల్లీగ్రాములు, రోజుకు ఒక్కొక్కటి చొప్పున 12 వారాలు వాడాలి. 2013లో అమెరికాలో సోఫోస్బువిర్ ఒక్కదానికే 12 వారాలకు 84,000 డాలర్లు ధర పెట్టారు. మన కంపెనీలు తయారుచేసిన అదే మందు మావాడికి పైసా లేకుండా వచ్చింది. మొదట్లో కాస్త తలనొప్పి, నీరసం తప్ప ఇబ్బంది కలగలేదు. మధ్యలో అతడు తనంతట తానే మత్తు తగ్గించుకోవడానికి నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్ర మొదలుపెట్టాడు. రెండూ కలిపి వాడవచ్చని డాక్టరమ్మ చెప్పారు.

మందు ముగిసిన 12 వారాలకు మళ్ళీ వైరల్ లోడ్ చేస్తారు. ఇది ఎగ్గొట్టేవారు చాలామంది, కానీ నయమైందని తేల్చేది ఇదొక్కటే. వేలి చుక్క పరీక్ష మాత్రం నయమయ్యాక కూడా పాజిటివ్ గానే వస్తుంది. ఎక్కడైనా ఆ కాగితం చూపి భయపెడితే డబ్బు కట్టకుండా లేచి రండి. ఒకసారి నయమైనవారికి మళ్ళీ సోకకుండా ఉండదు కనుక కొత్త సూదులు, అప్పుడప్పుడు వైరల్ లోడ్ పరీక్ష తప్పవని మావాడికి చెప్పి పంపారు. అతడితో సూది పంచుకున్న స్నేహితులిద్దరు వచ్చే వారం అదే ఆసుపత్రికి వెళుతున్నారు. వారికి దరఖాస్తులు రాసి ఇచ్చాను. ఆ గుమాస్తాతో మాట్లాడకుండా నేరుగా సూపరింటెండెంటు కార్యాలయానికి వెళ్ళి ముద్ర వేయించుకోమన్నాను.