మూల దగ్గర తేలిపోయే పొర

నవంబరు, మంగళవారం రాత్రి

ఇంగ్లండ్‌లో సిల్వర్‌స్టోన్ రేసు ట్రాక్ పరిసరాల్లో ఈ నెలలో నాలుగింటికే పొద్దు వాలిపోతుంది. రేసు కారు భాగాలు చేసే మా గదికి కిటికీలు లేవు కాబట్టి ఆ సంగతి బయటికి వచ్చాకే తెలుస్తుంది. దుమ్ము చొరబడకుండా, వేడీ తేమా మారకుండా కాపాడుకునే గది అది. తలకు టోపీ, చేతికి గ్లౌజులు లేనిదే లోపలికి అడుగు పెట్టనివ్వరు.

నిన్న ఫ్రీజర్‌లోంచి తీసి పెట్టిన ప్రీప్రెగ్ చుట్టను పొద్దున విప్పాం. జిగురులాంటి రెజిన్ ముందే పట్టించిన కార్బన్ ఫైబర్ బట్ట అది. మైనస్ 18 డిగ్రీల చలిలో దాచకపోతే నెమ్మదిగా తనంతట తానే గట్టిపడుతుంది. అలాగని బయటికి తీసిన వెంటనే సంచి విప్పకూడదు. చల్లటి బట్ట మీద గాలిలోని తేమ చేరితే, తర్వాత వేడికి అదే పొరల మధ్య బుడగలవుతుంది. అది బయట గడిపిన ప్రతి గంటనూ కార్డులో రాయాలి. ఇక్కడ శిక్షణకు చేరిన కొత్తలో నా ఉద్యోగమంతా ఆ కార్డేనేమో అనిపించింది.

ఈ రోజు పని రేసు కారు బ్రేకులకు చల్లగాలి అందించే గొట్టంలో ఒక సగం. నాలుగు పొరలు పరిస్తే మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ. కంప్యూటర్‌లో ఇలాంటి గొట్టాన్ని యూనివర్సిటీలో ఒక్క సాయంత్రంలో గీసేశాను. అక్కడ లోపలి మూలలన్నీ ఎంత చెబితే అంత వంపు తిరిగాయి. బట్ట అలా చెప్పినట్టు వినదు. కార్బన్ పోగు సాగదు కదా! కొత్త పుస్తకానికి అట్ట వేసేటప్పుడు మడత దగ్గర కాగితం ఆనకుండా పైకి లేచినట్టు, అచ్చు మూలలో పొర తేలిపోతుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు. ఒత్తిడితో వేడి పెట్టి భాగాన్ని గట్టిపరిచే ఆటోక్లేవ్ పొయ్యిలో ఒత్తిడి పడ్డాక ఆ ఖాళీలోకి వట్టి రెజిన్ చేరుతుంది, లేదా అది ఖాళీగానే మిగిలిపోతుంది. పోగు లేని రెజిన్ పెళుసు. పగులు మొదలయ్యేది అక్కడే.

నాకు పని నేర్పే పెద్దావిడ ముప్పై ఏళ్లుగా ఇదే బెంచీ దగ్గర ఉన్నారు. హీట్ గన్‌తో పొరను కాస్త మెత్తబరిచి, ముందు మూలలో ఆనించి, ఆ తర్వాతే రెండు పక్కలకూ పరుస్తారు. నేనేమో పక్కల నుంచి మూలకు వస్తాను. అప్పటికీ ఆనకపోతే ఆవిడ అక్కడ పొరను కోసి, ఒక అంచు మీదికి ఇంకో అంచు వచ్చేలా వేస్తారు. ప్లాస్టిక్ పుల్లతో మూల పొడవునా గీసి, "ఇప్పుడు వేలితో చూడు" అన్నారు. గ్లౌజులోంచి కూడా తేడా తెలిసింది. ఇది ఏ పాఠంలోనూ లేదు. ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

ప్రతి పొరకూ వెనక ఉండే ప్లాస్టిక్ కాగితాన్ని ఒలిచి బెంచీకి అంటిస్తాం. చివర్లో వాటిని లెక్కపెట్టి సంతకం పెట్టాలి. ఒక్కటి తక్కువైనా అది పొరల మధ్య ఇరుక్కుందనే అర్థం.

భోజనాల దగ్గర మాట 1981కి వెళ్లింది. ఇంజనీరు జాన్ బార్నార్డ్ రూపొందించిన మెక్‌లారెన్ ఎంపీ4/1 ఆ ఏడాదే వచ్చింది. కార్బన్ ఫైబర్ దేహంతో ఫార్ములా వన్‌లో పరుగెత్తిన మొదటి కారు అది. ఆ దేహాన్ని తయారుచేసింది ఇంగ్లండ్‌లో కాదు, అమెరికాలోని యూటాలో రాకెట్ పనులు చేసే హెర్క్యులీస్ కంపెనీ. గుద్దుకుంటే పొడి పొడి అవుతుందని చాలామంది భయపడ్డారట. ఆ సెప్టెంబరులో ఇటలీలోని మోంజాలో జాన్ వాట్సన్ నడుపుతున్న ఆ కారు అదుపు తప్పి ట్రాక్ పక్కనున్న అడ్డుకు కొట్టుకుని, ఇంజను ఊడి వేరే పడింది. ఆయన మాత్రం దెబ్బ తగలకుండా దిగి నడిచి వచ్చాడు. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు.

నాకు హైదరాబాద్ గుర్తొచ్చింది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన కరెంటు కార్ల రేసు ఫార్ములా ఈ చూడటానికి ఎండలో నిలబడ్డాను. రెండు జాగ్వార్ కార్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నప్పుడు విరిగి పడ్డ ముక్కలను చూసి కేకలు పెట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ ముక్కలు ఎవరో మూలల్లో పుల్లతో గీసి గీసి చేసినవని అప్పుడు తట్టనే లేదు.

మధ్యాహ్నమంతా పరిచిన పొరలను గాలి చొరని సంచిలో మూసే పని. పొరల మీద విడిపోయే ప్లాస్టిక్, దాని మీద దూది బట్ట, ఆపైన సంచి, చుట్టూ జిగురు టేపు. పంపు కట్టి గాలి లాగాక గేజి ముల్లు కదలకుండా నిలవాలి. ఈ రోజు మెల్లగా జారింది. చెవి ఆనించి టేపు వెంట వెతికితే, సంచి మడత దగ్గర సన్నటి ఈల వినపడింది. అక్కడ గట్టిగా నొక్కాక ముల్లు నిలబడింది. సాయంత్రం ఆటోక్లేవ్‌లోకి పంపాం. ఆరు బార్ల ఒత్తిడి, 120 డిగ్రీల వేడి. తలుపు తెరిచేది రేపు పొద్దున.

రాత్రి నాన్న ఫోన్ చేశారు. "ఏమ్మా, ఈ రోజైనా కారు ఎక్కనిచ్చారా?"

"లేదు నాన్నా, గొట్టం చేశాను."

"గొట్టమా! దానికి ఇంగ్లండ్ దాకా వెళ్లాలా?" అని నవ్వి ఫోన్ అమ్మకు ఇచ్చేశారు.

యూనివర్సిటీకి పంపాల్సిన వారపు నివేదిక ఇప్పుడే నింపాను. అందులో ‘వాడిన సాఫ్ట్‌వేర్’ అని ఒక గడి ఉంది, ఖాళీగా వదిలితే ఒప్పుకోదు. ‘హీట్ గన్, ప్లాస్టిక్ పుల్ల’ అని రాశాను. మార్కులు ఎలా వేస్తారో వాళ్ల ఇష్టం.