చెరువులో కొమాంచి: మీటరు పొడవు రేసింగ్ పడవ, ఎనిమిది నెలల పని

జనవరి 11

2023 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాలో సిడ్నీ నుంచి హోబార్ట్ దాకా 628 నాటికల్ మైళ్లు (సుమారు 1,163 కిలోమీటర్లు) పరుగెత్తిన రెండు తెరచాప పడవలు 51 సెకన్ల తేడాతో గీత దాటాయి. గెలిచింది లాకనెక్ట్. వెనకబడింది కొమాంచి. నా మనసు మాత్రం కొమాంచి మీదే నిలిచిపోయింది. దాని చిన్న నమూనా కట్టాలని అప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నాను, ఈ సంక్రాంతికి మొదలుపెట్టాను. వరంగల్ నుంచి సముద్రం చాలా దూరం. చెరువులకు మాత్రం మనకు కరువు లేదు.

అసలు పడవ సంగతి ముందు చెప్పాలి. పొడవు 100 అడుగులు, అంటే 30.5 మీటర్లు. ఫ్రాన్స్‌కు చెందిన వీపీఎల్‌పీ సంస్థ, గియోమ్ వెర్దియే కలిసి డిజైన్ చేశారు. అమెరికాలోని మేన్ రాష్ట్రంలో హాడ్జ్‌డన్ యాట్స్ వాళ్లు కార్బన్ ఫైబర్‌తో కట్టారు. 2014లో నీళ్లలోకి దిగింది. పైనుంచి చూస్తే ముందు కొన కత్తిలా ఉండి, వెనక్కి పోయేకొద్దీ వెడల్పవుతూ చివర్లో చదరంగా తెగిపోతుంది. వెడల్పు సుమారు 7.8 మీటర్లు. దాని పెద్ద ప్రత్యర్థి వైల్డ్ ఓట్స్ 11 కూడా 100 అడుగులదే, కానీ వెడల్పు 5 మీటర్ల చిల్లరే.

నేను ఎంచుకున్న కొలత 30కి 1. పొడవు 101.6 సెంటీమీటర్లు, వెడల్పు 26. నా దగ్గర ఉన్నవి ఫొటోలు, ప్రధాన కొలతలు మాత్రమే. అడ్డుకోతలు (పడవను అడ్డంగా కోస్తే కనిపించే ఆకారాలు) నేనే గీసుకున్నాను.

ఫిబ్రవరి 23

6 మి.మీ. ప్లైవుడ్‌తో 11 అచ్చులు కోసి, 9 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పలక మీద నిలబెట్టాను. చాలా తేలికైన బాల్సా చెక్క తెప్పించుకుంటే ధర ఎక్కువ. హన్మకొండలో తెలిసిన వడ్రంగి దగ్గర ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క ఉంటే, 5 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం పట్టీలుగా చీరి ఇచ్చాడు. ముడులున్న పట్టీలు పక్కన పెట్టేయండి. వంచినప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతాయి.

వెనక భాగం దాదాపు బల్లపరుపు కాబట్టి రెండు రోజుల్లో అయిపోయింది. ముందు కొనకు వారం పట్టింది. పట్టీల చివరలు 2 మి.మీ.కి చెక్కాలి, వేడినీళ్లలో పావుగంట నానబెట్టాలి, తర్వాతే వంచాలి.

ఏప్రిల్ 6

ఫైబర్ గ్లాస్ బట్ట, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) పని. ఈ ఎండల్లో మధ్యాహ్నం చేయకూడదని నాకు ఒక కప్పు రెసిన్ కాలిపోయాక తెలిసింది. అరగంట ఆగాల్సింది ఎనిమిది నిమిషాల్లో వేడెక్కి పొగ వచ్చింది. అందులో ఎపాక్సీ తప్పేం లేదు. కప్పులో కుప్పగా ఉంటే దాని వేడి బయటికి పోదు, ఆ వేడికి ఇంకా తొందరగా గట్టిపడుతుంది. మరుసటి రోజు నుంచి పొద్దున ఐదింటికి లేచి, ఒకసారికి 40 గ్రాములే కలిపి, వెడల్పు ప్లేటులో పలచగా పోసి వాడాను. గొడవ లేకుండా అయిపోయింది.

బట్ట వేసి గీకాక హల్ (పడవ ఒడలు) బరువు 610 గ్రాములు.

ఏప్రిల్ 27

డాబా మీద ఇటుకలు పేర్చి, టార్పాలిన్ పరిచి, నీళ్లు నింపి పడవను దించాను. కీల్ (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే రెక్క) కింద 500 గ్రాముల సీసం, లోతు కొలత ప్రకారం 22 సెంటీమీటర్లు. టేబుల్ ఫ్యాన్ రెండో నంబరులో పెట్టి పక్కనుంచి గాలి కొట్టగానే తెరచాప నీళ్ల మీద పడుకుంది. మూడుసార్లు అంతే.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాక విషయం అర్థమైంది. పొడవు 30 రెట్లు తగ్గితే తెరచాప వైశాల్యం 900 రెట్లు తగ్గుతుంది. దాని ఎత్తు కూడా 30 రెట్లు తగ్గింది కాబట్టి పడవను పడేసే బలం 27,000 రెట్లు తగ్గుతుంది. కానీ నిలబెట్టే బలం బరువు మీద ఆధారపడుతుంది. బరువే 27,000 రెట్లు తగ్గుతుంది, దాని లోతు మరో 30 రెట్లు, మొత్తం 8,10,000 రెట్లు. మనం పడవను చిన్నది చేశాం కానీ గాలిని చిన్నది చేయలేదు. చెరువు మీద గంటకు 10 కిలోమీటర్ల గాలి వీస్తే, నా పడవకు అది అసలు కొమాంచి మీద 55 కిలోమీటర్ల గాలి వీచినట్టే (30కి వర్గమూలం దాదాపు 5.5, అన్ని రెట్లు).

అసలు పడవ బరువు సుమారు 31 టన్నులు. నా కొలతకు అది 1150 గ్రాములు. నాకేమో సీసం లేకుండానే 1570 అయింది: హల్ 610, డెక్ (పై కప్పు) 180, సర్వోలు (చుక్కాని, తెరచాపలను కదిలించే చిన్న మోటార్లు), బ్యాటరీ కలిపి 290, ఫిన్ (సీసాన్ని మోసే కీల్ రెక్క), చుక్కాని 260, మాస్ట్ (తెరచాప స్తంభం), తెరచాపలు 230. రేడియోతో నడిపే బొమ్మ పడవల్లో ఇంటర్నేషనల్ వన్ మీటర్ అనే తరగతి ఉంది. అదీ మీటరు పొడవే, కానీ కనీస బరువు 4 కిలోలు, లోతు గరిష్ఠంగా 42 సెంటీమీటర్లు. అంత అనుభవం ఉన్నవాళ్లు అలా నిర్ణయించారంటే కారణం ఇదే. నేను కూడా లోతు 42కు పెంచాను, సీసం 1600 గ్రాములు చేశాను, మాస్ట్ 157 నుంచి 135 సెంటీమీటర్లకు తగ్గించాను. పక్కనుంచి చూస్తే ఇప్పుడది అచ్చు కొమాంచి కాదు. కొన్ని రోజులు బాధపడ్డాను.

మే 18

సీసం మా అమ్మమ్మ ఊళ్లో చేపలు పట్టే కాక ఇచ్చాడు, పాత వలల గుండ్లు. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది. పని సులువే కానీ నిర్లక్ష్యం చేయొద్దు: ఆరుబయట, గాలికి ఎదురు నిలబడకుండా, మాస్క్, అద్దాలు, తోలు గ్లౌజులు పెట్టుకుని. ప్లాస్టర్ అచ్చులో చెమ్మ ఉంటే కరిగిన సీసం పేలినట్టు చిమ్ముతుంది. నేను అచ్చును ఆరు రోజులు ఎండలో పెట్టాను. అయినా మొదటి చెంచా పోసినప్పుడు కొద్దిగా చిటపటలాడింది. ఆపేసి ఇంకో నాలుగు రోజులు ఆరబెట్టాను.

అసలు కొమాంచికి కీల్ అటూ ఇటూ వాలుతుంది. గాలి ఎటు నుంచి వస్తే అటు వాల్చి బరువును పైకెత్తి పట్టుకుంటారు. అలా వాలిన కీల్ పడవ పక్కకు జారిపోకుండా ఆపలేదు కాబట్టి రెండు డ్యాగర్ బోర్డులు (పక్కల నుంచి నీళ్లలోకి దించే పలకలు) కూడా పెట్టారు. నేను కీల్‌ను కదలకుండా బిగించాను, అందుకే ఆ బోర్డులు అవసరం లేదు.

జూన్ 15

తెరచాపలు. నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన పని ఇది. మొదటి జత గొడుగు బట్టతో కుట్టాను. గాలి పట్టగానే వెనక అంచు సంచిలా సాగింది. మా బాపు (నాన్న) కొత్తవాడలో ముప్పై ఏళ్లు జంపఖానాలు నేసిన మనిషి. పడవ గురించి ఒక్క మాటా అడగలేదు. బట్ట చేతిలోకి తీసుకుని రెండు మూలలు పట్టి లాగి చూశాడు.

"ఏటవాలు కోసినవ్ బిడ్డా. పడుగు ఎటు వోతున్నదో సూసుకోవద్దా? బరువు పడే అంచుకు దారం నిలువుగ ఉండాలె. ఏటవాలుకు ఏ బట్టయినా సాగుతది."

బాపు చెప్పింది అక్షరాలా నిజం. తెరచాప ముందు అంచును మాస్ట్ పట్టుకుని ఉంటుంది, కింది అంచుకు బూమ్ అనే అడ్డకర్ర ఉంటుంది. వెనక అంచుకు ఏ ఆధారమూ లేదు, దారమే దానికి ఆధారం. రెండో జతకు బట్టను బాపే పరిచాడు, దారం వెనక అంచు వెంట పోయేలా గీత గీసి ఇచ్చాడు. సాగలేదు. కొమాంచి తెరచాపలు నేసిన బట్టవి కావు, సన్నని ఫైబర్ టేపులను బరువు పడే దిక్కుల్లో పరిచి అచ్చులో ఒకే ముక్కగా తయారుచేసినవి. ఆ సంగతి చెబితే బాపు కాసేపు ఆలోచించి, "అంటే పేక లేకుండ అంతా పడుగే అన్నట్టు" అన్నాడు. నేను ఇంతవరకు విన్న వాటిలో దీనికంటే మంచి వివరణ లేదు.

తాళ్లకు నూలు దారం వద్దు, తడిస్తే కొలత మారుతుంది. చేపల గాలానికి వాడే అల్లిక దారం బాగుంది.

జూలై 6

ధర్మసాగర్ దగ్గర అమ్మమ్మ ఊరి చెరువు. నీళ్లు ఇంకా తూము దగ్గరే ఉన్నాయి, కానీ ఆషాఢం గాలి పడమటి నుంచి నిలకడగా వీస్తోంది. పడవ వాలింది, వేగం అందుకుంది, ఒక్కసారిగా గాలికి ఎదురు తిరిగి ఆగిపోయింది. చుక్కాని ఎంత తిప్పినా వినలేదు. ఐదారుసార్లు ఇదే. కాక థర్మాకోల్ తెప్ప మీద పోయి తీసుకొచ్చాడు. "వాలినప్పుడు నీ తెడ్డు నీళ్లల్ల ఉంటలేదు కొడుకా, గాల్లె కొట్టుకుంటున్నది" అన్నాడు.

వెడల్పు పడవ వాలితే మధ్య భాగం పైకి లేస్తుంది, మధ్యలో ఉన్న చుక్కాని కూడా దాంతో పాటే లేస్తుంది. కొమాంచికి రెండు చుక్కానులు ఎందుకున్నాయో నాకు పుస్తక జ్ఞానంగా తెలుసు. పని తగ్గుతుందని ఒక్కటే పెట్టాను. అది తప్పు.

2015 హోబార్ట్ పోటీలో కొమాంచి మొదటి రాత్రే దేన్నో గుద్దుకుని ఒక చుక్కాని, డ్యాగర్ బోర్డు దెబ్బతిన్నాయి. పోటీ మానుకుంటున్నామని కెప్టెన్ కెన్ రీడ్ చెప్పాడు కూడా. తర్వాత సముద్రం మీదే బాగుచేసుకుని, మళ్లీ దక్షిణానికి తిప్పి, అందరికంటే ముందు హోబార్ట్ చేరారు. ఆ రాత్రి ఇంటికొచ్చి పాత చుక్కాని ఊడదీసేటప్పుడు నాకు అదే గుర్తుంది.

ఆగస్టు 3

రెండు చుక్కానులు, ఒక్కొక్కటి బయటికి 12 డిగ్రీల వాలుతో, ఒకే సర్వోకు. ఇప్పుడు పడవ మాట వింటోంది. మిగిలిన సమస్య తక్కువ గాలి. నా పడవ మొత్తం 3170 గ్రాములు, కొలత ప్రకారం ఉండాల్సిన దానికంటే 2 కిలోలు ఎక్కువ. ఈ హల్ ఒక మిల్లీమీటరు మునగడానికి సుమారు 180 గ్రాములు కావాలి, అంటే 11 మి.మీ. ఎక్కువ మునిగింది. దాంతో ఆ వెడల్పాటి వెనక భాగం నీళ్లను ఈడ్చుకుంటూ పోతోంది.

అసలు పడవకూ ఇదే బలహీనత. 2014లో మొదటి హోబార్ట్ పోటీలో గాలి ఉన్నంతసేపు ముందుంది, గాలి తగ్గాక సన్నని వైల్డ్ ఓట్స్ దాటిపోయింది. గాలి ఉంటే కథే వేరు. 2015లో 24 గంటల్లో 618 నాటికల్ మైళ్లు వెళ్లింది, గంటకు దాదాపు 48 కిలోమీటర్ల సగటు. హన్మకొండ నుంచి హైదరాబాద్ పోయే బస్సు సగటు కూడా దాదాపు అంతే, కానీ బస్సు రోజంతా ఆగకుండా సముద్రం మీద పోదు. ఒక హల్ ఉన్న పడవల్లో ఆ రికార్డు 2023 వరకు నిలిచింది. 2016లో న్యూయార్క్ నుంచి ఇంగ్లండ్‌లోని లిజర్డ్ పాయింట్‌కు 5 రోజుల 14 గంటల 21 నిమిషాల్లో చేరి, మారీ-చా 4 అనే పడవ పాత రికార్డును రోజుకు పైగా తగ్గించింది. 2017 హోబార్ట్‌లో వైల్డ్ ఓట్స్ ముందు చేరినా, పోటీ మొదట్లో దారి ఇవ్వనందుకు దాని సమయానికి గంట కలిపే శిక్ష పడింది. దాంతో 1 రోజు 9 గంటల 15 నిమిషాల 24 సెకన్లతో రికార్డు కొమాంచిదే అయింది.

బ్యాటరీని 14 సెంటీమీటర్లు, సీసాన్ని 25 మి.మీ. ముందుకు జరిపాను. ఇప్పుడు నిలిచి ఉన్నప్పుడు వెనక అంచు నీటికి సరిగ్గా తాకుతోంది.

ఆగస్టు 17

చెరువు నిండింది, మత్తడికి ఇంకా రెండడుగులు ఉంది. కట్ట వెంట 40 మీటర్లు కొలిచి రెండు కర్రలు పాతాను. బరువు జరపకముందు పక్కగాలిలో 41 సెకన్లు పట్టేది. ఈరోజు మూడు పరుగులు: 36, 34, 35. అంటే మంచి పరుగులో గంటకు 4.2 కిలోమీటర్లు.

కొమాంచి 24 గంటల సగటును ఇందాకటి గాలి లెక్క లాగే 5.5తో భాగించి నా పడవ స్థాయికి తగ్గిస్తే గంటకు 8.7 కిలోమీటర్లు వస్తుంది, ఈ 40 మీటర్లు 16.5 సెకన్లలో పోవాలి. ఈ బరువుతో పడవ నీళ్ల మీదికి లేచి జారదు. డెక్‌ను పలచని బాల్సాతో మార్చితే 90 గ్రాములు, ఫిన్‌ను కార్బన్‌తో చేస్తే 100 గ్రాములు తగ్గుతాయి. బాల్సాకు నిన్ననే డబ్బు కట్టాను. మూడో జత తెరచాపలకు బట్ట బాపు ముందు పెట్టి వచ్చాను.