గ్లేజు లేని ఫ్రెంచ్ పింగాణి బొమ్మ: కొనేముందు, కడిగేముందు

1750ల మొదట్లో ఫ్రాన్స్‌లోని వాన్సెన్ కార్ఖానాలో మొదలైన ఈ ‘బిస్క్వీ’ బొమ్మలకు గ్లేజు, అంటే గాజులాంటి మెరుపు పూత, ఉండదు. అందుకే కనురెప్పల అంచు, వేలిగోరు కూడా అంత స్పష్టంగా కనిపిస్తాయి. చేతి జిడ్డు పట్టేదీ అందుకే. హనుమకొండ ఎండాకాలపు దుమ్ములో అద్దాల బీరువా తప్పనిసరి.

అడుగున గోటితో గీకితే పొడి రాలిందా, అది ప్లాస్టరే, కొనకండి. మెడ, మణికట్టు, వేళ్లను చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చితో చూడండి. పాత జిగురు చాలావరకు వేరే రంగులో మెరుస్తుంది. అతుకులుంటే నీళ్లలో ముంచొద్దు, ఊడొస్తాయి.

ముందు మెత్తని కుంచెతో దులపాలి. తర్వాత లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల న్యూట్రల్ (ఆమ్ల, క్షార గుణం లేని) సబ్బు కలిపి, తడి దూదిపుల్లను దొర్లించాలి, రుద్దొద్దు. బ్లీచింగ్ అసలే వద్దు. అతుకుల్లో, పగుళ్లలో దాని ఉప్పు మిగిలిపోతుంది.