నీకిది పుట్టుకతో ఉన్నదేగా

నేను నడిచేదాన్ని. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే నన్ను కొత్తగా చూసే డాక్టర్లలో సగం మందికి ఆ సంగతి తట్టనే తట్టదు. చూసేవాళ్లకి అది నడకలా ఉండదు, నిజమే. ఒళ్లు ఒకవైపుకి లాగేస్తుంటుంది, మెడ ఎడమకి తిరిగిపోతుంటుంది, చేతులు వాటిష్టం వచ్చినట్టు ఆడుతుంటాయి. పిల్లలు ఆగి చూస్తారు, పెద్దవాళ్లలో కొందరు తాగి ఉన్నాననుకుని పక్కకి జరుగుతారు. అయినా గుంటూరు అరండల్‌పేటలో నా రూము నుంచి సెంటర్ దాకా నా కాళ్ల మీదే వెళ్లి, అక్కడ ఆటో ఎక్కి, మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టులో దిగి, సాయంత్రం దాకా లెక్కలు చూసి, మళ్లీ వచ్చి రెయిలింగు పట్టుకుని రెండో అంతస్తు ఎక్కేదాన్ని. ఏళ్ల తరబడి ఇదే పని.

నాకు సెరిబ్రల్ పాల్సీ (సీపీ). 1983లో పుట్టాను. మూడో రోజుకే పచ్చకామెర్లు బాగా ముదిరి, మెదడులో కదలికల్ని అదుపు చేసే చోటు దెబ్బతింది. ఇప్పుడైతే నీలం లైటు కింద పెడతారు, మరీ ఎక్కువైతే రక్తం మార్చి కాపాడతారు. అప్పుడు మా అమ్మకి చెప్పింది "పొద్దున్నే ఎండలో పడుకోబెట్టండమ్మా" అని. అది పాత బాకీ, దాని జోలికి పోను. తెలివికేం కాలేదు. మాట ముద్దగా వస్తుంది, అలవాటైనవాళ్లకి అర్థమవుతుంది. బీకాం చదివాను, ట్యాలీ నేర్చుకున్నాను, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో టైపు చేస్తాను. మా షావుకారు గారు మొదట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి పట్టీ కాగితం మీద మళ్లీ కూడి చూసుకునేవారు. కొన్నాళ్లకి మానేశారు.

2023 సీజన్‌లో మొదలైంది. యార్డులో పనిచేసేవాళ్లకి తుమ్ములు కొత్త కాదు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో తేజ రకం మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దిగుతుంటే ఆ ఘాటుకి కొట్టులో అందరం తుమ్ముతూనే లెక్కలు రాస్తాం. ఆ ఏడు మాత్రం తుమ్మినప్పుడల్లా మెడ వెనక నుంచి కరెంటు కొట్టినట్టు జర్రున కాళ్ల దాకా దిగేది. పట్టించుకోలేదు, నా ఒంట్లో రోజూ ఏదో ఒకటి లాగుతూనే ఉంటుంది కదా. తర్వాత వేలు. నాకున్నదే ఆ ఒక్క వేలు. కీ నొక్కితే నొక్కినట్టు తెలియడం మానేసింది, కళ్లతో చూసుకుంటే తప్ప వేలి కింద కీ ఉందో లేదో తెలియని పరిస్థితి. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం ఎప్పుడూ కష్టమే, ఇప్పుడు అసలు కాలేదు. బాత్రూముకి వెళ్లాలనిపిస్తే ఇక ఒక్క నిమిషం ఆగేది కాదు. ఆడదాన్ని, చుట్టూ హమాలీలు, గుమాస్తాలు ఉండే చోట అదెంత టెన్షనో వేరే చెప్పాలా. మధ్యాహ్నం దాకా నీళ్లు తాగడం మానేశాను.

అన్నయ్య విజయవాడ నుంచి వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. పేరున్న డాక్టరే. పేరు రాయను. "ఈవిడకి ఎప్పటి నుంచి?" అని అడిగాడు. నేను చెప్పబోతుంటే చెయ్యి ఎత్తి ఆపి, "మీరు చెప్పండి సార్" అన్నాడు అన్నయ్యతో. అన్నయ్య నన్ను చూసేది నెలకోసారి. వాడికేం తెలుసు నా వేలి సంగతి! అయినా పాపం తెలిసినంత చెప్పాడు. నేను మధ్యలో "ఎమ్మారై" అన్నాను. ఆ మాట ఆయనకి బాగానే అర్థమైంది. నవ్వి, "కదలకుండా పడుకోలేదు కదమ్మా, మత్తివ్వాలి, అదో రిస్కు. అయినా నీకిది పుట్టుకతో ఉన్నదేగా. వయసొచ్చేకొద్దీ ముదురుతుంది. 40 ఏళ్లు ఇలా నెట్టుకొచ్చావు, అదే గొప్ప" అని కండరాలు వదులయ్యే మాత్ర ఒకటి, నిద్రమాత్ర ఒకటి రాశాడు. బయటికొచ్చాక అన్నయ్య "పెద్దాయన చెప్పాడు కదే" అన్నాడు. ఆటోలో ఇంక ఎవరం మాట్లాడలేదు.

సెరిబ్రల్ పాల్సీలో మెదడుకి తగిలిన దెబ్బ ముదరదు. ఒకసారి తగిలింది తగిలినట్టే ఉంటుంది, పెరగదు. పిల్లల డాక్టర్ల పుస్తకాల్లో మొదటి పేజీలో ఉండే సంగతి ఇది. నెలల్లో చెయ్యి పడిపోతోందంటే కారణం ఇంకేదో ఉందని అర్థం, వెతకాలి. వెతకడానికి ఆయనకి ఓపిక లేదు, అంతే. నన్ను చూడగానే జబ్బు పేరు దొరికిపోయింది, ఇంకో జబ్బు ఉండొచ్చన్న అనుమానమే రాలేదు.

ఆ మాత్రలు మొదలుపెట్టిన వారంలోనే ఆ రాత్రి వచ్చింది. పదకొండు దాటాక బాత్రూముకి లేచాను. బకెట్లోకి పంపు తిప్పి, వెనక్కి తిరగబోతుంటే కాళ్లు రెండూ ఒకేసారి లేకుండా పోయాయి. పడటం నాకు కొత్త కాదు, చిన్నప్పటి నుంచీ పడీ పడీ ఎలా పడాలో తెలుసు. కానీ పడ్డాక లేవడానికి చూస్తే నడుము కింద ఎవరూ పలకలేదు. తలుపుకీ బకెట్‌కీ మధ్య ఒక పక్కకి పడి ఉన్నాను, మెడ గోడకి ఆనుకుని వంగి ఉంది, కదిపితే ఏమవుతుందోనని భయం. ఫోను మంచం దగ్గర ఛార్జింగులో ఉంది. బకెట్ నిండి పొంగింది, నీళ్లు గచ్చు మీద పారి నా నైటీ తడుపుతున్నాయి. తడుస్తున్నట్టు కళ్లకి కనపడుతోంది, ఒంటికి తెలియట్లేదు. పొట్ట దాకా తడిసినా చల్లదనం తగల్లేదు. నేను జీవితంలో అంత భయపడింది లేదు. అరిచాను. నా అరుపు మామూలు రోజుల్లోనే ఎవరికీ అర్థం కాదు, పక్క పోర్షన్‌లో టీవీ, ఆ తర్వాత అది కూడా ఆగిపోయింది. పంపు కట్టేయడానికి చెయ్యి చాపాను, అందలేదు. అలా రాత్రంతా నీళ్లు పోతూనే ఉన్నాయి. అమ్మ పోయినప్పుడు కూడా అడగని మాటలు ఆ రాత్రి దేవుణ్ణి అడిగాను, కొన్ని బూతులు కూడా తిట్టాను, ఆయన క్షమిస్తాడులే.

నన్ను కాపాడింది దయా కాదు, దైవమూ కాదు, ఖాళీ అయిన ట్యాంకు. పొద్దున్నే కింద ఓనరమ్మగారి ఇంట్లో నీళ్లు రాలేదు. మోటారు వేసినా నిండట్లేదని, పైన ఎవరో పంపు వదిలేశారని తిట్టుకుంటూ వచ్చి, తలుపు కొట్టి కొట్టి, తన దగ్గరున్న రెండో తాళంతో తీసింది. నన్ను చూసి "అమ్మో అమ్మో" అంటూ గోడకి ఆనుకుపోయింది. కానీ ఆవిడే, అరవై దాటిన మనిషి, తడి బట్టలు విప్పి, తుడిచి, దుప్పటి కప్పి, 108కి ఫోన్ చేసి, అంబులెన్సులో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. రెండు వారాలకి ఆవిడే అన్నయ్యకి ఫోన్ చేసి, "ఇట్లాంటి పిల్లకి ఒంటరిగా ఇల్లు ఇవ్వడం నాదే బుద్ధి తక్కువ బాబూ, సామాను తీసుకుపోండి" అంది. ఆవిడ మీద కోపం ఉందా అంటే ఉంది. కృతజ్ఞత ఉందా అంటే అదీ ఉంది. ఏది ఎక్కువో రోజుని బట్టి మారుతుంటుంది.

ఈసారి వేరే ఆసుపత్రి. డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. అన్నయ్య ఇంకా దారిలోనే ఉన్నాడు కాబట్టి నన్ను అడగక తప్పలేదో, లేక అడిగే మనిషేనో గానీ, స్టూలు లాక్కుని కూర్చుని, "అక్కా, పోయిన దసరాకి మీరు చేసుకోగలిగి, ఇప్పుడు చేసుకోలేనివి ఏంటి?" అంది. చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఒక్కో మాట అర్థం కాకపోతే "మళ్లీ చెప్పండక్కా" అని ఆగింది. ఇన్నేళ్లలో ఒక డాక్టరు నన్ను అడిగిన మొదటి సరైన ప్రశ్న అదే. అంతా విని, "ఇది మీ పాతది కాదక్కా, మెడ చూడాలి" అంది.

మత్తిచ్చి ఎమ్మారై తీశారు, ఏ రిస్కూ కాలేదు. మెడలో రెండు చోట్ల డిస్కులు ఉబ్బి వెన్నుపామును నొక్కేశాయి. సర్జన్ గారు విడమరిచి చెప్పారు. నా రకం సీపీలో మెడ రోజంతా తనంతట తనే తిరుగుతూ ఉంటుంది కదా, నలభై ఏళ్లు అలా తిరిగితే గుమ్మం తలుపు కీలులా అరిగిపోతుందట, మామూలు వాళ్లకి ముసలితనంలో వచ్చేది మాకు ముప్ఫైల్లో, నలభైల్లోనే వస్తుందట. "పోయింది మొత్తం తిరిగొస్తుందని చెప్పను, ఇంకా పోకుండా ఆపుతాను" అన్నారు. ఆ ఒక్క నిజం కోసమే ఆయనకి దణ్ణం పెట్టాను. మెడ కండరాలు కుదురుగా ఉండటానికి ముందు బొటాక్స్ ఇంజెక్షన్లు ఇచ్చారు, తర్వాత వెనక నుంచి ఆపరేషన్, స్క్రూలు, రాడ్లు, కాలరు. డబ్బు అన్నయ్య పీఎఫ్ లోంచి. ఇది వాడు ఎవరికీ చెప్పొద్దన్నాడు, చెప్తున్నాను.

ఆ తర్వాత విజయవాడ సత్యనారాయణపురంలో అన్నయ్య ఇంట్లోనే ఉన్నాను. వదిన గురించి చెడుగా రాస్తే నా కళ్లు పోతాయి. స్నానం, అన్నం, మలమూత్రాలు అన్నీ ఆవిడే చూసింది మొదట్లో. ఒక మధ్యాహ్నం నేను నిద్రపోతున్నాననుకుని ఫోన్‌లో వాళ్ల అక్కతో "మా అత్తగారు పోతూ పోతూ నాకు అప్పజెప్పిపోయింది" అంది. అందులో అబద్ధం ఏముంది? అయినా ఆ సాయంత్రం అన్నం సయించలేదు. అదే వదిన, నేను నా కాళ్ల మీద నిలబడితే తీసుకొస్తానని పెదకాకాని మల్లేశ్వరస్వామికి మొక్కుకుందట. కాలరుతో, వాకర్‌తో వెళ్లాం. ఆవిడ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటుంటే స్వామిని చూడటం మానేసి ఆవిడనే చూశాను.

తర్వాత ఏజెన్సీ నుంచి ఆయా. నెలకి 22 వేలు మేం కడితే ఆవిడకి అందేది 14 వేలు. మొదటి రోజు నా రెక్క పట్టుకుని గుంజి లేపబోయింది, కేకేశాను. ఏజెన్సీ వాళ్లు నేర్పించి పంపుతున్నామన్నారు, ఎవరూ ఏమీ నేర్పలేదు. వీపు కింద చెయ్యి ఎలా పెట్టాలో, మోకాళ్లు ఎలా వంచాలో నేనే నేర్పాను. నేర్చుకున్నాక ఆవిడంత నెమ్మదిగా నన్నెవరూ తాకలేదు. ఫిజియో ఆయన పళ్లెంలో శనగలు పోసి ఒక్కొక్కటీ గిన్నెలో వెయ్యమనేవాడు. దీపావళి దాటాక ఒకరోజు వేలికి శనగ నున్నగా తగిలింది, ఆ మొన కూడా గుచ్చుకున్నట్టు తెలిసింది. ఆయాని పిలిచి చూపించాను, ఆవిడకి ఏం చూడాలో అర్థం కాలేదు. వేలు వచ్చింది. కుడికాలు చాలావరకు వచ్చింది. ఎడమకాలు రాలేదు, ఇక రాదు. ఇంట్లో వాకర్, బయట వీల్‌చెయిర్.

ఉద్యోగం సంగతి. 2016 వికలాంగుల చట్టంలో, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదని ఉంది, కాకపోతే అది సర్కారు ఉద్యోగాలకి. మాది మిర్చి కొట్టు. షావుకారు గారు నన్ను తీసెయ్యలేదు, జీతం సగం చేసి ఇంటి నుంచి పని ఇచ్చారు. వాళ్లబ్బాయి నా ల్యాప్‌టాప్‌లోంచి కొట్టు కంప్యూటర్ తెరుచుకునేలా పెట్టించాడు. పని మాత్రం సగం కాలేదని సీజన్‌లో గట్టిగానే చెప్పాను, రెండు వేలు పెంచారు. ఇంకా పెంచాలి. వికలాంగుల పింఛను 2024 జులైలో 6 వేలైంది, అద్దెలో పెద్ద వంతు దానితోనే గట్టెక్కుతోంది. మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా అంటుకుపోతే 15 వేలు. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో ఒకతను "ఆ వాకర్ పక్కన పెట్టి చక్రాల కుర్చీలో రావాల్సిందమ్మా" అన్నాడు, నా మంచి కోరే. శనగలు ఏరింది అందుకా బాబూ అన్నాను. అతనికి నా మాట అర్థం కాలేదు, అదీ మంచిదే.

సీపీ ఉన్నవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు ఇది గుర్తు పెట్టుకోండి. చేతిపట్టు తగ్గినా, కొత్తగా పడుతున్నా, మెడ వంచితే వెన్నులో కరెంటు దిగినా, మూత్రం ఆగకపోయినా ఆలస్యం చెయ్యకుండా మెడకి ఎమ్మారై అడగండి. కదలకుండా ఉండలేరంటే మత్తిచ్చి తీస్తారు, తీయగలరు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా సీపీకి వర్తిస్తుంది, ఏడాదికి లక్ష దాకా, ముందు వైద్య పరీక్షలేవీ అడగరు. నాకు ఆపరేషన్ అయ్యాక తెలిసింది, మీరు ముందే కార్డు చేయించుకోండి. డాక్టరు పక్కవాళ్లని అడుగుతుంటే పక్కవాళ్లు నోరు మూసుకుని కూర్చోవాలి. మా అన్నయ్య ఇప్పుడు అలాగే చేస్తున్నాడు.

ఆ మొదటి డాక్టరు గారికి ఎమ్మారై కాపీ, కింద నాలుగు లైన్లు టైపు చేసి పంపాను. ఆటో అబ్బాయి పట్టుకెళ్లి రిసెప్షన్‌లో ఇచ్చాడు. జవాబు రాలేదు.

గుంటూరు తిరిగి రావడానికి ఇల్లు దొరకడమే ఆపరేషన్ కంటే కష్టమైంది. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే నా గొంతు విని పెట్టేసేవాళ్లు, అన్నయ్య చేస్తే "ఎవరెవరు ఉంటారు?" అని అడిగి, చెప్పాక మొన్ననే ఎవరికో ఇచ్చేశామనేవాళ్లు. చివరికి కొరిటెపాడులో కింద పోర్షన్ దొరికింది, గుమ్మం ముందు ఒకటే మెట్టు. ఆ మెట్టు మీద చెక్కతో వాలు చేయించాను, బాత్రూములో వెస్టర్న్ కమోడ్, గోడకి స్టీలు రాడ్లు నా డబ్బుతోనే పెట్టించాను. ఆయా పొద్దున, సాయంత్రం వస్తుంది, ఇప్పుడు ఏజెన్సీ లేదు, డబ్బు నేరుగా ఆవిడకే. ఖాళీ చేసేటప్పుడు రాడ్లు పీకి, కన్నాలు పూడ్చి, రంగు వేయించి ఇవ్వాలని ఓనరు గారు అగ్రిమెంటులో రాయించుకున్నారు. రాయించుకోనీ. అది 11 నెలల తర్వాత సంగతి, అప్పుడు మళ్లీ గీసి గీసి బేరమాడతాను.