దింపు రోజు, కోడి రామకృష్ణ లెక్క

కార్తీకం వెళ్లిన తరువాత వచ్చిన మొదటి శనివారం ఇది. పొద్దున్న ఏడింటికే కొబ్బరికాయల దింపు మనిషి వచ్చాడు. అతడు చెట్టెక్కి గెలలు కోసి పడేస్తూ ఉంటే, మేనల్లుడూ నేనూ కాయలు ఏరి అరుగు పక్కన పోగు వేశాము. లెక్క మొదలుపెట్టక ముందే అమ్మ వచ్చి, పోగులో నుంచి మచ్చ లేని కాయ ఒకటి తీసి, ఊరి అమ్మవారి పేరు చెప్పుకొని గూట్లో పెట్టింది; ఆ తరువాతే మమ్మల్ని లెక్కపెట్టుకోనిచ్చింది. పెద్ద కాయలు ఒక పోగు, చిన్నవి ఇంకొక పోగు. చిన్న కాయలు రెండింటిని కలిపి ఒకటిగా కట్టడం మా దగ్గర కొనే షావుకారి పద్ధతి. దాని మీద ప్రతి దింపుకూ అతనితో వాదిస్తాను, ప్రతిసారీ ఓడిపోతాను.

మేనల్లుడు భీమవరంలో ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. రాత్రి ఫోనులో ‘అరుంధతి’ మళ్లీ చూశాడట, ఆ తరువాత పెరట్లోకి వెళ్లవలసి వస్తే నన్ను లేపి తోడు తీసుకువెళ్లాడు. పొద్దున్న ఆ సంగతి ఎత్తి ఆట పట్టిస్తే, వాడు మాట తప్పించడానికి కాబోలు, “అది సరే మావయ్యా, ఆయన తీసిన ఇలాంటి సినిమాలన్నిటికీ నీ వరస ఏంటో చెప్పు” అన్నాడు. ‘అరుంధతి’ తీసిన దర్శకుడు కోడి రామకృష్ణగారిది పాలకొల్లు. మా ఊరికి బస్సులో అరగంట. ఈ చుట్టుపక్కల ఆయన పేరు ఎత్తితే ఎవరైనా “మనోడే” అనే అంటారు కాబట్టి, ఆ సినిమాలకు మార్కులు వేయడం అంటే మేనమామ కొడుకు పెళ్లి భోజనానికి వంక పెట్టినంత ఇబ్బంది. అయినా మధ్యాహ్నం దాకా చేతులు కాయల మీదా, బుర్ర ఈ వరస మీదా ఉన్నాయి.

ముందు ఏవి లెక్కలోకి వస్తాయో తేల్చుకోవలసి వచ్చింది. ఆయన వంద సినిమాలకు పైగా తీశారు. 1982లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో మొదలుపెట్టి, 1984లో ‘మంగమ్మగారి మనవడు’, 1989లో ‘అంకుశం’ అంటూ పదమూడేళ్లు ఇంటి గొడవలూ, ఊరి గొడవలూ, పోలీసు గొడవలూ తీసిన తరువాతే ఆయన చేతికి దేవతలూ ప్రేతాలూ వచ్చాయి. అక్కడి నుంచి ఆయన దారి మార్చారని అందరూ అంటారు. నాకు అలా అనిపించదు. అత్తవారింట్లో కోడలు పడే కష్టాన్ని తీయడంలో అప్పటికే చెయ్యి తిరిగిన మనిషి, అదే వంటింట్లోకి, అదే పెరట్లోకి అమ్మవారిని నడిపించుకుని వచ్చారు, అంతే. ఆయన భయం ఎప్పుడూ ఇంట్లోనే బాగా పండింది. గడప దాటి కొండలకో సముద్రానికో వెళ్లిన ప్రతిసారీ అది పలచబడింది. నా వరస అంతా ఈ ఒక్క కొలత మీదే నడిచింది.

‘అమ్మోరు’ 1995 నవంబరులో వచ్చింది. అప్పుడు నేను పదో తరగతి. అమ్మ, ఇద్దరు పిన్నులు, నేను కలిసి పాలకొల్లు వెళ్లి చూశాము. హాలు గుమ్మానికి వేప మండలు కట్టి ఉన్నాయి, ఆడవాళ్లు చాలామంది చెప్పులు బయటే విడిచి లోపలికి వెళ్లారు. రమ్యకృష్ణ అమ్మవారి రూపంలో తెర నిండా నిలబడినప్పుడు మా ముందు వరసలో ఒకామెకు పూనకం వచ్చింది. ఎవరో పసుపు నీళ్లు తెచ్చేదాకా ఆమె ఊగుతూనే ఉంది. తెర మీద ఏమి జరుగుతున్నదో, హాల్లో ఏమి జరుగుతున్నదో తెలియని ఆ పది నిమిషాలలో నాకు కలిగిన భయం మళ్లీ ఏ సినిమాలోనూ కలగలేదు. అది గ్రాఫిక్సు వల్ల వచ్చిన భయం కాదు. కంప్యూటరు గ్రాఫిక్సును అంత విరివిగా వాడిన తొలి తెలుగు సినిమాలలో అది ఒకటి కావడం నిజమే, నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి దానికోసం ఏళ్ల తరబడి ఓపిక పట్టిన మాటా నిజమే. కానీ ఇవాళ మేనల్లుడు ఆ దృశ్యాలను ఫోనులో చూసి నవ్వుతున్నాడు. ముప్పై ఏళ్లలో గ్రాఫిక్సు వయసు ఎలా మీద పడుతుందో దాని ముఖం మీదే కనపడుతుంది. నవ్వు రానిది ఏమిటంటే, దేవత చిన్న పిల్లగా నాయిక అత్తవారింట్లో పనికి చేరడం.

మా వైపు జాతరలో గరగ, అంటే అమ్మవారి ఘటం, ఎత్తుకున్నవాళ్లు డప్పుల మోతతో వీధి వెంట వచ్చి ప్రతి ఇంటి ముందూ ఆగుతారు. ఇంటావిడ బిందెడు నీళ్లు కాళ్ల మీద పోసి, పసుపు రాసి, దండం పెట్టుకుంటుంది. అంటే మనం గుడికి వెళ్లడమే కాకుండా అమ్మవారు కూడా మన గుమ్మం దాకా వస్తుంది. అయితే గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఆ సినిమాలో ఆమె ఆగలేదు. గడప దాటి లోపలికి వచ్చి, సౌందర్య పాత్రను కాల్చుకు తింటున్న అత్తవారి మధ్య కూర్చుంది. ఊరిలో ఉండవలసిన శక్తి ఇంట్లో తిరగడం మొదలుపెడితే మంచివాళ్లకు కూడా వెన్ను జలదరిస్తుందని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు కానీ, ఈ గట్ల మధ్య పెరిగిన మనిషికి ఒకరు చెప్పనక్కరలేదని నా నమ్మకం. రామిరెడ్డి వేసిన మంత్రగాడు గోరఖ్ పాత్ర భయపెట్టదని అనను. కానీ ‘అంకుశం’లో మామూలు రౌడీగా నిలబడి చూస్తేనే దడ పుట్టించిన ఆ మనిషికి, ఇక్కడ పుర్రెలూ విభూతీ కొంచెం ఎక్కువే అయ్యాయి. ఆ అత్తగారిని చూసినప్పుడే నాకు కడుపులో ఎక్కువ తిప్పింది.

సినిమా మొదట్లో వచ్చే ముచ్చట కూడా నేను మరిచిపోలేదు. అమ్మవారు మామూలు ఆడమనిషిలా ఒక పేదింటికి వచ్చి అన్నం తింటుంది. ఆ ఇల్లాలు పోల్చుకుని, నేను తిరిగి వచ్చేదాకా ఇక్కడే ఉండమని మాట తీసుకుని బయటకు వెళ్లి, మళ్లీ తిరిగి రాకుండా ప్రాణం తీసుకుంటుంది. మాట ఇచ్చిన దేవత ఊరికే కట్టుబడిపోతుంది. పద్నాలుగేళ్ల తరువాత ‘అరుంధతి’లో జేజమ్మ చేసినది కూడా ఇదే బేరం అని ఇవాళ కాయలు ఏరుతూ ఉండగా తట్టింది. అక్కడ దేవతను ఉంచడానికి చచ్చిపోయింది ఒక ఇల్లాలు. ఇక్కడ ప్రేతాన్ని చంపడానికి చచ్చిపోయింది ఒక రాణి. రెండూ అదే నిర్మాతకు, అదే దర్శకుడు తీసినవి. నేను ఇన్నేళ్లూ వాటిని విడివిడిగా చూశాను.

‘అరుంధతి’ 2009 జనవరి 16న, సంక్రాంతి వెళ్లిన వెంటనే వచ్చింది. మా ఆవిడతో రెండో ఆట చూసి కాలువ గట్టు మీదుగా స్కూటరు మీద ఇంటికి వస్తుంటే దారి పొడుగునా ఇద్దరమూ మాట్లాడుకోలేదు. ఇంటి దగ్గర గేటు వేయడానికి ఎవరు వెనక ఉండాలి అన్న చోట మాత్రం చిన్న పేచీ వచ్చింది. ఆ సినిమాలో ఆయన ఇంటినే సమాధి చేశారు. ఇది మా ప్రాంతపు మండువా లోగిళ్లలో పుట్టినవాడికి చప్పున అర్థమవుతుంది. ప్రతి పాత ఇంట్లోనూ రాగి బిందెలూ, విరిగిన మంచాలూ వేసి తాళం పెట్టిన గది ఒకటి ఉంటుంది, పిల్లలు దాని పక్కన నడిచేటప్పుడు అడుగు పెంచుతారు. ఆయన ఆ గదిని గద్వాల కోట అంత చేసి, అందులో ప్రేతంగా మారే పశుపతిని పెట్టి గోడ కట్టించారు. సోనూ సూద్ ఒళ్లు, పి. రవిశంకర్ గొంతు. ఒళ్లు లేకపోయినా ఆ పాత్ర సగం బతికేదేమో కానీ గొంతు లేకపోతే ఏమీ లేదు. “వదల బొమ్మాళీ” అన్న రెండు మాటలతో రవిశంకర్‌కు బొమ్మాళి ఇంటిపేరైపోయింది. రాత్రి మేనల్లుడిని పెరట్లోకి వెళ్లనివ్వనిది కూడా ఆ గొంతే, వాడు ఒప్పుకోడు గాని.

జేజమ్మ తల మీద కొబ్బరికాయలు పగలగొట్టి ఆమె ప్రాణం తీసే దృశ్యం దగ్గర మేనల్లుడు దింపు మనిషిని పిలిచి మరీ అడిగాడు, “అలా చస్తారా అండీ?” అని. అతడు చెట్టు మీద నుంచే, “నలభై అడుగుల మీద నుంచి పడితే ఒక్కటి చాలు బాబూ, పక్కకి జరుగు” అన్నాడు. మేము చాలా దూరం జరిగాము. గుడిలో శుభానికి కొట్టే కాయను, పొద్దున్న లేస్తే మన కాళ్ల కింద దొర్లే కాయను, ఒక మనిషి చావుకు పనిముట్టు చేయడానికి ఊహకు ఎంత ధైర్యం కావాలో, ఆ పోగు ముందు నిలబడితే తెలిసింది. ఆ ఎముకలతో ఆయుధం తయారవడం, మరుజన్మలో అది మళ్లీ ఆమె చేతికే రావడం, ఇదంతా పకడ్బందీగా అల్లిన కథ. చిన్ననాటి జేజమ్మగా దివ్య నగేష్ మాట్లాడే తీరూ, అనుష్క డప్పుల మధ్య ఆడే నాట్యమూ ఎన్నిసార్లు చూసినా పాతబడవు. దోషం లేదనను. ఈ కాలపు అరుంధతి ప్రేమ ముచ్చట్లు వచ్చినప్పుడల్లా కథ మోకు జారినట్లు కిందికి జారుతుంది. పనితనం ఒక్కటే చూస్తే ఇదే మొదటిది. భయం కలిగిన చోటు చూస్తే ‘అమ్మోరు’ మొదటిది. పదకొండు గంటల దాకా ఈ రెండింటినీ నాలుగుసార్లు కిందికీ పైకీ మార్చాను. చివరికి ‘అమ్మోరు’ను పైన ఉంచాను. మేనల్లుడు ముఖం ముడుచుకున్నాడు.

మూడో స్థానానికి ‘దేవి’ని పెద్దగా ఆలోచించకుండానే పెట్టాను. 1999లో ఎం.ఎస్. రాజు నిర్మించిన ఆ సినిమాలో నాగదేవతగా నటి ప్రేమ కళ్లు ఆర్పకుండా చూసే చూపు నాకు ఇప్పటికీ ఇష్టం. దేవిశ్రీ ప్రసాద్‌కు అదే మొదటి సినిమా. వాళ్ల వెదురుపాక కూడా గోదావరి అవతల మా నేల మీదిదే కనుక ఒక అర మార్కు పక్షపాతంతో కలిపానని ఇక్కడ రాసుకోవడానికి సిగ్గుపడను. తనకు మేలు చేసిన ఆడమనిషిని కాపాడడానికి నాగదేవత మనుషుల్లోకి రావడం ‘అమ్మోరు’ బాటే. బాట అదే కావడమే దాని బలమూ, లోపమూ.

ఆ తరువాతే గొడవ వచ్చింది. ‘దేవీపుత్రుడు’ 2001లోనూ, ‘అంజి’ 2004లోనూ వచ్చాయి. ఒకటి సముద్రంలో మునిగిన ద్వారకకు వెళ్లింది, ఇంకొకటి హిమాలయాలకు వెళ్లింది. డెబ్బై రెండేళ్లకు ఒకసారి దిగివచ్చే ఆకాశగంగ, ఆత్మలింగం, దాని కోసం కాచుకున్న భాటియా, ఇవన్నీ వినడానికి ఎంతో బాగుంటాయి. ఏళ్ల తరబడి తీసిన ‘అంజి’కి స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు కూడా వచ్చింది, చివరి అరగంట చూస్తే అది ఊరికే రాలేదని తెలుస్తుంది. కానీ ఆకాశగంగ దిగిరాకపోతే మన ఇంట్లో ఏమి పోతుందో ఆ సినిమా చెప్పలేదు. ‘దేవీపుత్రుడు’లో వెంకటేష్‌కు మాత్రమే కనిపించే పాప ఉంది, ఆ పాప ఉన్నంతసేపూ కథకు ప్రాణం ఉంటుంది, ద్వారక రాగానే పాప పక్కకు పోతుంది. ఇల్లు వదిలితే ఈయన చెయ్యి తడబడుతుందని చెప్పి, “ఈ రెండూ కలిపి ఒకటిగా కట్టు” అన్నాను. మేనల్లుడు ఊరుకోలేదు. చిరంజీవిగారిది మొగల్తూరు, కూతవేటు దూరం. ఆయన సినిమాను చిన్న కాయల పోగులో వేస్తే నరసాపురం వైపు బస్సు కూడా ఎక్కనివ్వరని భయపెట్టాడు. షావుకారితో నేను చేసే వాదన అంతా వాడు నా మీదే చేశాడు. ఈసారి షావుకారిని నేనే కాబట్టి గెలిచాను.

‘దేవుళ్లు’ భక్తి సినిమా, భయానికి సంబంధించినది కాదు కనుక తీసి పక్కన పెట్టాము. చివరి స్థానం ‘నాగభరణం’కు. 2009లోనే వెళ్లిపోయిన కన్నడ హీరో విష్ణువర్ధన్ ముఖాన్ని కంప్యూటరుతో మళ్లీ తెర మీద నిలబెట్టి 2016లో కన్నడంలో తీసిన ‘నాగరహావు’కు అది తెలుగు రూపం. రామకృష్ణగారి చివరి సినిమా అది. 2019 ఫిబ్రవరి 22న ఆయన పోయిన రోజు టీవీలో నుదుటికి గుడ్డ కట్టుకున్న ఆ పాత ఫోటోలు చూపిస్తుంటే ఎవరూ ఆ సినిమా పేరు ఎత్తలేదు. నేనూ ఎక్కువ మాట్లాడలేదు.

భోజనాల దగ్గర వాడు ఈ వరసను కాగితం మీద రాసి అమ్మకు చదివి వినిపించాడు. ఒకటి ‘అమ్మోరు’ అనగానే అమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, “దాన్నెందుకురా ఇందులో కలిపారు?” అంది. అమ్మా, అదే కదా మొదటిది అన్నాను. “పొద్దున్న తీసి గూట్లో పెట్టిన కాయని మీ షావుకారి లెక్కలో కలిపావా ఏంటి? ఇదీ అంతే” అని, మజ్జిగ గిన్నె నా వైపు తోసింది. హాలు గుమ్మంలో చెప్పులు విడిచినవాళ్లలో ఆమె కూడా ఉందని నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

మేనల్లుడు ఆనందంగా ఒకటో నంబరు కొట్టేసి, ‘అరుంధతి’ని పైకి జరిపాడు. సాయంత్రం షావుకారు వచ్చి కాయలు లెక్కకట్టుకుని పోయాడు. చిన్నవి రెండూ ఒకటే.