ఒకే సర్వరులో ఎవరి వాటా వారికి

హనుమకొండలోని మా చిన్న కార్యాలయంలో 8 జీబీల మెమరీ ఉన్న సర్వరు ఒక్కటే ఉంది. పోయిన నెలాఖరున నివేదికలు తయారుచేసే ప్రోగ్రాము మెమరీని అడుగంటించగా, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ) ఆ క్షణాన అన్నింటికన్నా బరువుగా కనిపించిన డేటాబేసును చంపేసింది. తప్పొకరిది, శిక్ష మరొకరిది.

లైనక్సులో దీనికి రెండు ఏర్పాట్లున్నాయి, చాలామంది వాటిని ఒకటిగా కలిపేస్తారు. ప్రాసెసుకు, అంటే నడుస్తున్న ప్రోగ్రాముకు, ఏమి కనిపించాలో నిర్ణయించేది నేమ్‌స్పేసు. 2002లో మౌంట్ (ఏ ఫైలు వ్యవస్థలు కనిపించాలో తేల్చే) నేమ్‌స్పేసుతో అది మొదలైంది. అన్‌షేర్ ఆదేశంతో కొత్త పీఐడీ (ప్రాసెసు నంబర్ల) నేమ్‌స్పేసులో షెల్లును, అంటే ఆదేశాలు టైపు చేసే ప్రోగ్రామును, తెరిచి, ప్రాసెసుల వివరాలు చూపే ప్రాక్‌ను కూడా కొత్తగా మౌంట్ చేసి చూస్తే, వందల ప్రాసెసులున్న యంత్రంలో ఆ షెల్లు తానే ఒకటో నంబరునని నమ్ముతుంది. అయితే కంటికి గంతలు కట్టినంత మాత్రాన ఆకలి తగ్గదు కదా!

ఎంత వాడుకోవచ్చో తేల్చేది సీగ్రూపు. గూగుల్ ఇంజనీర్లు 2006లో మొదలుపెట్టిన ఈ పని 2008లో వెలువడిన 2.6.24 కెర్నెల్‌లో చేరింది. చెరువు కింద ఏ మడికి ఎంత నీరు వదలాలో నీరటి చూసుకున్నట్టే, ఇది సీపీయూ, మెమరీ, డిస్కు వాటాలను చూసుకుంటుంది.

లైనక్సులో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఈ సీగ్రూపుల ద్వారానే హద్దులు పెడుతుంది. నివేదికల ప్రోగ్రాము సర్వీసు ఫైలులో మెమరీమ్యాక్స్ (గరిష్ఠ మెమరీ) విలువను 2 జీబీలుగా రాశాను. ఈ నెలాఖరున హద్దు దాటిన నివేదికల ప్రోగ్రామే ఆగిపోయింది. డేటాబేసు మాత్రం తన పని తాను చేసుకుపోయింది.