జుబిమెండి రానన్న ఆ ఆగస్టు

2024 ఆగస్టులో స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ జుబిమెండి మన ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్‌కి రానని, తన క్లబ్ రియల్ సోసిడాడ్‌లోనే ఉండిపోయాడని తెలియగానే మా ఫ్రెండ్స్ మధ్య పెద్ద గొడవే జరిగింది. అంతకు ముందు వేసవిలోనే మిడ్‌ఫీల్డర్లు కైసెడో, లావియా ఇద్దరూ మనల్ని కాదని చెల్సీకి వెళ్లారు కదా, ఆ మంట ఇంకా ఆరలేదు. "ఓనర్లు డబ్బు తీయరు, ఈ సీజన్ కూడా ఇంతేరా" అని ఒకడు, వెంటనే ఇంకొకరిని కొనాల్సిందేనని ఇంకొకడు. నేను మాత్రం మన మిడ్‌ఫీల్డర్ గ్రావెన్‌బర్క్ ఉన్నాడుగా, కొత్త కోచ్ స్లాట్ అతన్ని డిఫెన్స్ ముందు ఆడించి చూడనివ్వండ్రా అన్నాను. ఎవరూ వినలేదు.

సెప్టెంబర్ 1, మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్. యునైటెడ్ ఆటగాడు కాసెమీరో పాస్‌ని గ్రావెన్‌బర్క్ మధ్యలోనే అందుకున్నాడు, అక్కణ్నుంచి సలా క్రాస్, డియాజ్ హెడర్, గోల్! ఆ మ్యాచ్ 3-0తో మనదే. వెనకాల మనిషి మీద పడుతున్నా గ్రావెన్‌బర్క్ బంతి తీసుకుంటూనే ఒంటిని తిప్పేసి ముందుకు వెళ్లిపోతాడు చూడండి, అది నేర్పితే వచ్చేది కాదనిపిస్తుంది నాకు. ఆ వేసవిలో వెంటనే జట్టులోకి వచ్చిన కొత్త ఆటగాడు కియేసా ఒక్కడే, అయినా ఆ సీజన్ ఇంగ్లండ్ లీగ్ మనదే అయింది, 20వ టైటిల్.

జుబిమెండి మీద నాకు కోపం లేదు. పుట్టి పెరిగిన ఊరి క్లబ్‌ని వదల్లేకపోవడం నాకు అర్థమవుతుంది, ఏడాది తర్వాత ఆర్సెనల్‌కి వెళ్లినప్పుడు మాత్రం కాస్త చివుక్కుమంది.